నయాగరా కోట చూసి నాన్నగారికి

బఫెలో,
అక్టోబరు 14

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆఫీసు పని మామూలే. మీ కంటి ఆపరేషన్‌కి దగ్గర లేనని ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. "అన్నయ్య ఉన్నాడుగా" అన్నారు మీరు. వీసా స్టాంపింగ్ టెన్షన్ మీకు తెలిసిందే, రావాలని లేక కాదు నాన్నా.

మొన్న ఆదివారం పిల్లలతో ఓల్డ్ ఫోర్ట్ నయాగరాకి వెళ్లాం. జలపాతం దగ్గర కాదు, నది ఇంకా కిందికి పారి ఆంటారియో సరస్సులో కలిసే చోట ఉంది. చుట్టూ పార్కు. సరస్సంటే మన మంగినపూడి సముద్రంలాగే ఉంది. ఆకాశం తేటగా ఉండి, అవతల టొరంటో మేడలు అగ్గిపుల్లలు నిలబెట్టినట్టు కనిపించాయి. చిన్నది నీళ్లలో వేలు ముంచి నాకి, "ఉప్పగా లేవు నాన్నా" అంది.

కోటలో ఫ్రెంచివాళ్లు 1726లో మొదలుపెట్టి కట్టిన రాతి మేడ ఉంది. ఆ నేల అక్కడి ఆదివాసులైన సెనెకా జాతివాళ్లది. కోటంటే ఒప్పుకోరని, వర్తకం చేసుకునే ఇల్లని చెప్పి కట్టారట. బయటికి ఇల్లే. లోపలికెళితే మందపాటి గోడలు, నడిమధ్య బావి! శత్రువు చుట్టుముట్టినా నీళ్లకి బయటికి రానక్కర్లేదు. ఆ బావి గట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. బందరులోనూ తెల్లవాళ్లు వర్తకమనే దిగారని మీరు చెప్పేవారు కదా.

అసలు సంగతి ఇంకోటుంది. ఇంగ్లీషువాళ్లు ఈ కోటని ఫ్రెంచివాళ్ల దగ్గర గెలుచుకున్నది 1759 జులైలో. ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ మన బందరు కోటని ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్నది అదే ఏడు ఏప్రిల్‌లో! వాళ్లే, వాళ్లిద్దరి మధ్య ఆ ఏడేళ్ల యుద్ధమే. మీరు నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, ముళ్లచెట్ల మధ్య కూలిన గోడలు చూపిస్తూ చెప్పిన కథంతా గుర్తొచ్చింది. ఇక్కడ ఒక్కో రాయినీ ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో! మనదాన్ని అలా వదిలేశారని కడుపు తరుక్కుపోయింది.

అమ్మా, స్వెట్టర్లు వేసుకునే వెళ్లాం, బెంగపెట్టుకోకు. పులిహోర తీసుకెళ్లాం. నువ్వు పంపిన లడ్లు ఇంకా నాలుగున్నాయి, చూసి చూసి తింటున్నాం.

నాన్నా, చుక్కల మందు మానకండి. నల్ల కళ్లద్దాలు తీసి పేపరు పట్టుకోకండి, అన్నయ్య అన్నీ చెబుతున్నాడు. వచ్చే ఏడు వస్తాను, ఇద్దరం కోటకి వెళదాం. ఆ సైకిలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మీ
చిన్నోడు