భగీరథ్ ప్యాలెస్‌లో సోల్డరింగ్ చేసే అన్నకి

రెండు రాత్రుళ్లుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. పాప బాగుంది. పిల్లికూతలు తగ్గాయి, ఇప్పుడే పడుకుంది. ఫోన్లు చేసినవాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

గుంటూరు వాళ్లం, మిరపకాయ ఘాటు మనల్నేం చేస్తుందిలే అనుకుని ఢిల్లీలో ఖారీ బావలీ మసాలా బజారుకి ఉబ్బసం ఉన్న ఆరేళ్ల పిల్లని తీసుకెళ్లడం మా బుద్ధితక్కువ. బస్తాలు ఎత్తి దించే సందుల్లో గాలి ఆడదు. పైగా నవంబరు, ఆ ఊరి గాలి ముందే పాడై ఉంటుంది. రుమాలు అడ్డం పెట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. పది నిమిషాల్లో పాప డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చినప్పుడు కొట్టే నీలం ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగులో ఉంది. దానికి తగిలించే స్పేసర్, అంటే మందుని పట్టి ఉంచి పిల్లలు మెల్లగా పీల్చుకునేలా చేసే ప్లాస్టిక్ గొట్టం, హోటల్ గదిలో ఉండిపోయింది. ఈ తప్పు కూడా మాదే.

స్పేసర్ లేకుండా పిల్లల నోట్లో నేరుగా కొడితే మందు చాలావరకు నాలుక మీదా గొంతులోనే పడిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో కుదరాలి, పెద్దవాళ్లకే కుదరదు. రెండుసార్లు కొట్టాం, దగ్గు తప్ప ఫలితం లేదు.

మందుల షాపులన్నీ భగీరథ్ ప్యాలెస్‌లో ఉంటాయన్నారు. చాందినీ చౌక్ రోడ్డు మీద ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్లు రానివ్వరు, అంబులెన్సుకైతే అడ్డు లేదు. ఆటో దొరకదు కాబట్టి సైకిల్ రిక్షాలో ఆ చివర నుంచి ఎర్రకోట వైపుకి వచ్చాం. వచ్చాక తెలిసింది, అక్కడివి ఎక్కువగా హోల్‌సేల్ కొట్లు. మూడు చోట్ల అడిగాం. ఒకడు పెట్టె లెక్కన ఇస్తానన్నాడు. ఒకడు తల కూడా ఎత్తలేదు.

ఆ మందుల కొట్ల పక్కనే కరెంటు సామాన్ల బజారు. షాండిలియర్‌కి వైర్లు అతికిస్తున్న ఒకతను పాప ఊపిరి చప్పుడు విని లేచి వచ్చాడు. మాది అరకొర హిందీ. అతను ఇన్‌హేలర్ చేతిలోకి తీసుకుని చూసి, తన అరలీటరు నీళ్ల సీసా ఖాళీ చేశాడు. ఇన్‌హేలర్ మూతిని సీసా అడుగున ఆనించి చుట్టూ పెన్నుతో గీశాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో ఆ గీతకి లోపలివైపుగా కోశాడు. కంత కాస్త చిన్నగా ఉండాలట, ప్లాస్టిక్ వేడి మీద ఉండగానే మూతిని అందులోకి నొక్కితే బిగుసుకుంటుందట. తీసి, కడిగి, కాలిన వాసన పోయేదాకా విదిలించాడు. నేను లోపల గుడ్డతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి, మందు ఊపిరితిత్తులకి పోకుండా గోడకి అంటుకుంటుంది. ఈ సంగతి మా డాక్టర్ గారు స్పేసర్ ఇచ్చినరోజు చెప్పారు, ఆ కంగారులో నాకు తట్టలేదు. ఇన్‌హేలర్ దూర్చి, చుట్టూ నల్ల టేపు నాలుగు చుట్లు వేశాడు.

తర్వాత చేసింది చూసి మా ఆవిడ ఏడ్చేసింది. గాలి కారుతోందేమో చూడాలి కదా. ఎవరైనా నోరు పెట్టి ఊదుతారు. అతను పాప నోరు పెట్టాల్సిన సీసా అని, మూతిని అరచేత్తో మూసి, సీసాని మెల్లగా పిసికి, టేపు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

ముందు నాలుగు పఫ్‌లు సీసాలోకి వృథాగా కొట్టించాడు, కొత్త ప్లాస్టిక్ తాగే మందు అదే తాగేస్తుందని. ఆ తర్వాత మా డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం ప్రకారం ఇచ్చాం: ఊపుతూ, ఒక్కో పఫ్‌కి మామూలుగా ఐదారు శ్వాసలు, రెండు పఫ్‌లు కలిపి కొట్టకుండా. ఆరో పఫ్‌ తర్వాత పాప "నాన్నా, నీళ్లు" అంది. అంతకుముందు ఒక్క మాట పూర్తిగా అనలేకపోయింది.

అతని ఇంట్లో కూడా ఒక పిల్ల ఉందట, ఇదే జబ్బుతో. డబ్బులివ్వబోతే సీసా ఇరవై రూపాయలే కదా అని నవ్వాడు. పేరు అడగాలన్న ధ్యాసే లేదు మాకు.

(ఇది చదివి మీరూ సీసాతో గడిపేయకండి. ఇది ఆసుపత్రికి చేరేదాకానే. పెదాలు నీలంగా మారినా, మాట రాకపోయినా ఆగకుండా 112కి ఫోన్ చేయండి. మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకి సీసా మూతి సరిపోదు, మాస్కు కావాలి.)

ఆసుపత్రి గురించి రాయకూడదనుకున్నా, ఆగట్లేదు. ఎమర్జెన్సీ గుమ్మంలో, మందుని పొగమంచులా చేసి పీల్పించే నెబులైజర్ పెట్టండి మహాప్రభో అంటే ముందు రిజిస్ట్రేషన్ అన్నారు. రిజిస్ట్రేషన్‌కి ఓటీపీ. ఓటీపీ వచ్చే ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. వైద్యం ముందు, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. కౌంటర్‌లో కంప్యూటర్‌కి ఆ తీర్పు ఎవరూ చెప్పలేదు. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి తన నంబరు కొట్టి మమ్మల్ని లోపలికి పంపింది. అమ్మా, నీకు కూడా దండం.

అమ్మ, బామ్మర్ది, మా ఆవిడ గురించి వేరే చెప్పేదేముంది. రాత్రంతా కూర్చున్నారు.

ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో పాపకోసం కారం లేకుండా పప్పన్నం విడిగా కలిపిచ్చిన పెద్దాయనకి కూడా. రైల్లో కింది బెర్తు వదిలిన ఖమ్మం దంపతులకి కూడా. ఇంకెవరో ఉన్నారు...

ఆ, రిక్షా అతను! ఆ జనంలో హారన్ కూడా లేని బండి, నోటితో అరుస్తూ దారి చేసుకుంటూ కిలోమీటరు పైనే తొక్కాడు. అతనికి డబ్బులిచ్చామో లేదో మా ఇద్దరికీ గుర్తు లేదు.