కాన్పు ఉచితమే, దారి ఖర్చు ఎవరిది?

సంపాదకులకు,

ఆసుపత్రి ముందు ప్రసవం ఉచితమని బోర్డు పెడితే మురికివాడల గర్భిణులు వాళ్లంతట వాళ్లే వస్తారనుకోవడం పొరపాటు. బిల్లు లేకపోయినా దారి ఖర్చుకు, స్కానింగ్‌కు, బయట కొనే మందులకు డబ్బు కావాలి. కూలికి వెళ్లే మనిషికి పొద్దుటి ఓపీ అంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే 12 వారాల్లోపు రావాల్సినవాళ్లు ఐదో నెల దాటాక వస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించిన 8 పరీక్షలు అప్పుడెలా పూర్తవుతాయి? హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే ఐరన్ మాత్రలతో పెరగడానికి వారాలు పడుతుంది. తొమ్మిదో నెలలో మొదలుపెడితే వ్యవధే ఉండదు.

చిరునామా రుజువు లేదని పేరు రాయకుండా తిప్పి పంపడం మరీ అన్యాయం. అద్దె ఇళ్లవాళ్లకు అది ఎక్కణ్నుంచి వస్తుంది? వారానికి ఒక్క సాయంత్రమైనా ఓపీ పెట్టండి.

రాత్రి నొప్పులొస్తే ఇరుకు సందులోకి అంబులెన్సు రాదు. అది ఆగే చోటు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు – ఇవన్నీ గర్భిణి కార్డు వెనక పెద్ద అక్షరాలతో ముందే రాసి ఇవ్వాలి. కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఉంచుకోవాలి. మంచం ఖాళీ లేదని ముందే పంపేస్తే, ఇంట్లో రక్తస్రావం మొదలైన బాలింతను మళ్లీ ఆ సందులోంచే మోసుకురావాలి.

– కొందరు ప్రసూతి నర్సులు