స్టెంట్ ఉన్న రోగికి మాత్రలు ఆపమన్నందుకు ఫిర్యాదు

మారతహళ్లి, బెంగళూరు

మేనేజర్ గారికి,

నమస్కారం. మా నాన్నగారికి దవడ పన్ను తీయించాలని ఇక్కడి మీ క్లినిక్‌కి తీసుకొచ్చాం. ఆయనకు గుండెపోటు వచ్చి, స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేసి ఇంకా ఆరు నెలలు నిండలేదు. మీవాళ్లు నింపమన్న ఫారంలో షుగరు, అలర్జీల గురించి ఉంది గానీ గుండె జబ్బు ఊసే లేదు. ఆ సంగతి నేనే చెప్పి, మందుల చీటీ కూడా చూపించాను. అంతా విన్నాక మీ క్లినిక్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఇది: "ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఐదు రోజుల ముందు నుంచి ఆపేయాలి." కింద డాక్టర్ పేరు లేదు. గుండె డాక్టర్ని ఒక్క మాట అడగమని కూడా లేదు.

రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలవి. నాన్నగారు ఆ మెసేజ్ నమ్మి వాటిని మానేశారు. స్ట్రిప్పులో మాత్రలు అలాగే ఉండటం చూసి అమ్మ నిలదీయబట్టి సరిపోయింది. కార్డియాలజిస్టుకి ఫోన్ చేస్తే, "ముందు మాత్రలు వేయండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. మందు పూసిన స్టెంట్ మీద రక్తనాళం లోపొర పూర్తిగా పరుచుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాత్రలు ఆపితే అక్కడ రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. పన్ను తీసిన చోట రక్తం కారితే గాజుగుడ్డతో నొక్కిపెట్టి, కావాలంటే కుట్టు వేసి ఆపుతారు. స్టెంట్ మూసుకుపోతే ఇంట్లో మేమేం చేయగలం?

2007లోనే అమెరికాలో గుండె వైద్యుల సంఘాలు, దంతవైద్యుల సంఘం కలిసి ఈ మాటే చెప్పాయి: మందు పూసిన స్టెంట్ వేశాక ఏడాది లోపు ఈ మాత్రలు ఆపించాలంటే ముందు గుండె డాక్టర్‌తో మాట్లాడాలి, ఆగగలిగిన చికిత్సలు వాయిదా వేయాలి. పైగా పళ్లు తీయడం లాంటి చికిత్సల తర్వాత మొదటి నాలుగు వారాల్లో గుండెపోటు, పక్షవాతం ముప్పు కొంత పెరిగి, ఆరు నెలల్లోపు మామూలుకి వస్తుందని 2010లో ఒక అధ్యయనం చెప్పింది. పళ్లకి వైద్యం వద్దని కాదు, దానివల్ల దీర్ఘకాలంలో మేలే ఎక్కువ. కానీ గుండె రోగికి సరిగ్గా ఆ సమయంలోనే కాపాడే మాత్రలు మానిపిస్తారా?

మేం కట్టిన అడ్వాన్సు వాపసు ఇవ్వండి. ఆ మెసేజ్ ఏ డాక్టర్ చెబితే పంపారో రాతపూర్వకంగా తెలపండి. ఫారంలో గుండె జబ్బు, స్టెంట్, రక్తం పలచబడే మాత్రల గురించి అడగండి. అన్నిటికంటే ముందు, ఇదే మెసేజ్ మీ బ్రాంచీల నుంచి ఇంకెవరెవరికి వెళ్లిందో చూసి, గుండె రోగులు ఉంటే ఇవాళే వాళ్లకి ఫోన్ చేయించండి.

ఇట్లు,
మీ పేషెంట్ కుమార్తె