డెమోకి అంత తొందరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా చెల్లెలి కూతురు మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, నెల రోజుల డబ్బింగ్ కోర్సు, చివర్లో డెమో కూడా వాళ్ళే చేసి ఇస్తారట, పాతిక వేలు, కట్టేయనా?" అని అడిగింది. డెమో అంటే పని ఇచ్చేవాళ్ళకి మన గొంతు వినిపించడానికి చేయించుకునే నమూనా రికార్డింగు. గొంతు బాగుంటే చాలు సంపాదించవచ్చని మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాకే తనకి ఈ ఆలోచన వచ్చిందట. అందుకే మీకు రాస్తున్నాను. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో సీరియళ్ళకీ ప్రకటనలకీ డబ్బింగ్ చెబుతున్నాను, మొదట్లో నేనూ ఇదే పొరపాటు చేశాను.

అప్పటికి నేను మైకు ముందు నిలబడింది మహా అయితే పదిసార్లు. ఒక స్టూడియోలో డబ్బు కట్టి నిమిషంన్నర డెమో చేయించుకున్నాను. ఒక్కో వాక్యానికి పదిహేను, ఇరవై టేకులు, వాటిలో బాగా వచ్చిన ముక్కలు ఏరి అతికించి వెనక సంగీతం పెట్టేసరికి వినడానికి నాకే ముచ్చటేసింది. అది విని ఒక చీరల షాపు ప్రకటనకి పిలిచారు. ఇరవై సెకన్లే. "డెమోలో చెప్పినట్టే చెప్పమ్మా" అన్నారు, నాకు రాలేదు. 'భారీ', 'ధరలు' అన్నచోట ఒత్తులు పట్టి పలికితే గొంతులో నవ్వు పోతోంది, నవ్వితే ఒత్తులు పోతున్నాయి. గంటసేపు ఓపిక పట్టి వేరే అమ్మాయిని పిలిచారు. ఒక్క మాట అనలేదు కానీ మళ్ళీ నాలుగేళ్ళు ఆ ఆఫీసు నుంచి ఫోన్ రాలేదు.

డెమో విన్నవాళ్ళు రేపు మనం వచ్చినా అంత బాగానే చెబుతామని నమ్మి పిలుస్తారండీ. అందుకని నేను మా చెల్లెలి కూతురికి చెప్పింది ఒకటే, ఎప్పుడూ చూడని కాగితం చేతికిస్తే తడబడకుండా చదివి, వాళ్ళు ఎలా మార్చమంటే అలా రెండు మూడు టేకుల్లో మార్చగలిగిన రోజున డెమో చేయించుకో అని. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లను తీసుకునేటప్పుడు కూడా రాత పరీక్ష అయ్యాక ఎదురుగా చదివించే చూస్తారు. సినిమా డబ్బింగ్‌కైతే తెర మీద పెదాలకి మాట కలుస్తోందో లేదో వాయిస్ టెస్ట్‌లోనే తేలుతుంది. ముందు ల-ళ, న-ణ, స-శ-ష సరిచేసుకోవాలి, రోజూ ఫోన్‌లోనే రికార్డు చేసుకుని వారం తర్వాత వినాలి. ఎవరూ చెప్పకుండానే తప్పు మన చెవికి దొరకడం మొదలైందంటే ఇక ఎంతో దూరం లేనట్టే.

ఇంకో సంగతి. చాలామంది డెమోలో ముసలమ్మ, చంటిపిల్ల, దెయ్యం అంటూ ఎనిమిది గొంతులు కూరుస్తారు, వింటే అది మిమిక్రీలా ఉంటుంది. కమల్‌హాసన్‌కీ, గాంధీగా వేసిన బెన్ కింగ్‌స్లీకీ తెలుగులో గొంతు ఇచ్చింది బాలు గారే, ఆ రెండూ విన్నవాళ్ళు దాన్ని మిమిక్రీ అనరు. మనకి బాగా వచ్చిన పద్ధతి ఒకటో రెండో ఉంటే, ప్రకటనలు ఒక ఫైలు, కథలు చదవడం ఇంకో ఫైలు, ఒక్కోటి నిమిషం చాలు.

మీరు ఈ విషయం మీద మళ్ళీ రాస్తే, కోర్సుల వాళ్ళని ఒక ప్రశ్న అడిగి వాళ్ళ జవాబు కూడా వేయండి. నేర్చుకునేవాళ్ళు ఇంకా తయారు కాలేదనిపిస్తే డెమో ఆపి, ఆ డబ్బు వెనక్కి ఇస్తారా అని. మా అమ్మాయి అయితే ఇంకా కట్టలేదు, ఉగాది దాకా ఆగుతానంది.

– ఒక డబ్బింగ్ కళాకారిణి, యూసుఫ్‌గూడ, హైదరాబాద్