వాంతులు తగ్గినందుకు బెంగ దేనికే?

ఒసేయ్ పిచ్చిమొహమా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మూడు నెలలు వేవిళ్లతో చచ్చిపోతున్నానని రాసి, ఇప్పుడవి తగ్గేసరికి 'లోపల అంతా బాగానే ఉందా' అని టెన్షనా? నాలుగో నెల వచ్చింది కదే! మొదట్లో అమాంతం పెరిగిన హార్మోన్ ఈపాటికి దిగుతుంది, చాలామందికి 14 వారాలకి అటూ ఇటూగా వికారం తగ్గిపోతుంది. హాయిగా తిను.

తుమ్మితే పొత్తికడుపులో చురుక్కుమంటోందన్నావు. నేనైతే ఓ రోజు మంచం మీంచి గబుక్కున లేవబోయాను. కుడివైపు గజ్జ దగ్గర తాడు పట్టి లాగినట్టయింది. మంచం పట్టె పట్టుకుని వంగి అలాగే నిలబడిపోయాను. నిమిషం గడిచాక ఏమీ లేదు! గర్భసంచిని రెండు పక్కలా పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతుంటే అలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పట్నుంచి ముందు పక్కకి తిరిగి, చెయ్యి ఊతం తీసుకుని లేవడం అలవాటు చేసుకున్నాను. నువ్వూ అలాగే లే. తుమ్ము వచ్చేలా ఉంటే కాస్త ముందుకి వంగు. నొప్పి ఆగకపోయినా, పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటున్నా మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే.

పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వస్తే కంగారుపడకు. నెలలు నిండేసరికి ఒంట్లో రక్తం మామూలు కంటే దాదాపు సగం పెరుగుతుందట. దానికి హార్మోన్లు తోడై చిగుళ్లు వాస్తాయి, జలుబు లేకుండానే ముక్కు దిబ్బడేస్తుంది, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది. అప్పుడు తల వెనక్కి వాల్చకు. ముందుకి వంచి, ముక్కు మెత్తగా ఉండే చోట పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకో. రక్తం పెరిగినా బీపీ మాత్రం ఈ నెలల్లో కాస్త తగ్గుతుంది. అందుకే చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

గుండెల్లో మంట, మలబద్ధకం, నడుం నొప్పి, అర్ధరాత్రి పిక్కలు పట్టేయడం ఇవన్నీ వరసపెట్టి వస్తాయి. పిక్క పట్టేస్తే పాదం వేళ్లని నీ వైపుకి లాగి పట్టు. బొడ్డు కింద నల్లగీత, బుగ్గల మీద మంగు కాన్పయ్యాక మెల్లగా వెలిసిపోతాయి. పొట్ట మీద చారలు రాకుండా క్రీములంటావా, నేను డబ్బాలు ఖాళీ చేశాను. చారలు మాత్రం వాటి మానాన అవి వచ్చాయి!

కాస్త రక్తం కనిపించినా, నీళ్లలా కారినా, మూత్రంలో మంటగా ఉన్నా, జ్వరం వచ్చినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యి. తలనొప్పి విపరీతంగా వచ్చి చూపు మసకబారినా, మొహం, చేతులు ఉన్నట్టుండి వాచినా అంతే. అర్ధరాత్రయినా మొహమాటపడకు.

ఇక బిడ్డ కదలిక. మొదటి కాన్పుకి సాధారణంగా 18 నుంచి 20 వారాలకి తెలుస్తుంది. బిడ్డకి ఆహారం అందించే మాయ గర్భసంచిలో ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. నేను మూడు రాత్రులు గ్యాస్ అనుకున్నాను. పడుకున్నాక పొట్టలో నీటి బుడగ పగిలినట్టు చిన్న 'టప్'. మూడో రాత్రి అదే చోట రెండుసార్లు వచ్చింది. ఊపిరి బిగబట్టి మా ఆయన్ని తట్టి లేపాను. నిద్రకళ్లతో చెయ్యి వేసి చూసి, 'నాకేం తెలియట్లేదే' అని అటు తిరిగి పడుకున్నాడు. పాపం, బయటి చేతికి అందాలంటే ఇంకొన్ని వారాలు పట్టాలి. ఆ రాత్రి నాకు మాత్రం తెల్లారేదాకా నిద్ర లేదు. ఇంకోసారి వస్తుందేమోనని అదే చోట చెయ్యి పెట్టుకుని పడుకున్నాను.

నీకు ఆ 'టప్' తెలిసిన రోజు ఎంత రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి, ఉత్తరమంటే ఆగలేను.

ఎప్పటికీ నీ
పాత బెంచీమేటు