ఆరు ఓట్ల ఊరు

బావా,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయనందుకు తిట్టుకోకు. మేం బాగున్నాం, చిన్నదానికి జలుబు తగ్గింది, నా వీసా కాగితాలు ఎట్టకేలకు కదిలాయి. అమ్మ మోకాలి సంగతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడదాం. ముందు ఇది విను. నీకు చెప్పేదాకా నాకు మనసు ఆగదు.

ఇక్కడి అధ్యక్ష ఎలక్షన్ ముందు రోజు రాత్రి, అంటే 2024 నవంబర్ 4న, అర్ధరాత్రే ఓట్లు వేసే డిక్స్‌విల్ నాచ్ అనే ఊరు వెళ్లొచ్చాను. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడని చెప్పానే, ‘మన పీటీ సార్’, ఆయన కార్లో. నాషువా నుంచి ఉత్తరంగా మూడు గంటల పైనే పట్టింది. దారంతా చీకటి, పెద్ద దుప్పులు అడ్డొస్తాయి జాగ్రత్త అంటూ బోర్డులు. ఈ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం కొసన, కెనడా సరిహద్దుకి దగ్గర్లో, రెండు కొండల మధ్య ఉంది ఆ ఊరు. ఊరంటే ఏమీ లేదు, బాల్సమ్స్ అనే పాత పెద్ద హోటల్. అది కూడా 2011లో మూతపడింది. ఒకప్పుడు అక్కడ పాతిక మందికి పైగా ఓటర్లు ఉండేవాళ్లు. ఈ ఎలక్షన్‌కి ఆరుగురు. అవును బావా, ఆరుగురే!

వందమంది కంటే తక్కువ ఉన్న ఊళ్లు అర్ధరాత్రే పోలింగ్ మొదలుపెట్టి, అందరూ వేసేశాక మూసెయ్యొచ్చని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది. వీళ్లు 1960 నుంచి అలాగే చేస్తున్నారు. ఆ హోటల్ యజమాని నీల్ టిల్లట్సన్ అనే ఆయన మొదలుపెట్టించాడట. 102 ఏళ్లు బతికాడు, ప్రతిసారీ మొదటి ఓటు ఆయనదే.

లోపలంతా కెమెరాలవాళ్లే. మేం గుమ్మం దగ్గర ఇరుక్కుని నిలబడ్డాం. ముందు అకార్డియన్ మీద జాతీయ గీతం వాయించారు. ఆ చలిలో, చిన్న గదిలో ఆ వాయిద్యం వింటుంటే ఒళ్లు జలదరించింది. పన్నెండు కొట్టగానే ఒక్కొక్కరే ఓటేశారు. పెట్టె తెరిచి కాగితాలు చేత్తో లెక్కపెట్టారు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. డెమొక్రాట్ హారిస్‌కి 3, రిపబ్లికన్ ట్రంప్‌కి 3.

ఇక్కడే నా బుర్ర తిరిగింది. మన ఓటర్ల లిస్టులో ఫోటో, ఇంటి నంబరు ఉంటాయి కదా, ఇక్కడ నువ్వు ఏ పార్టీవాడివో కూడా రాసి ఉంటుంది. ఏ పార్టీ కాదు అని కూడా రాయించుకోవచ్చు. ఆ ఆరుగురిలో నలుగురు రిపబ్లికన్లు, ఇద్దరు ఏ పార్టీకీ చెందనివాళ్లు. లెక్క వేసి చూడు. ఆ ఇద్దరూ హారిస్‌కే వేశారనుకున్నా, మూడో ఓటు ఒక రిపబ్లికన్‌దే అయి తీరాలి! రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే జనవరి ప్రైమరీలో ఆరుకి ఆరూ ట్రంప్ మీద పోటీ చేసిన నిక్కీ హేలీకి పడ్డాయి, ట్రంప్‌కి సున్నా. ఆ వేసినవాళ్లే మరి. 2020లోనైతే ఉన్న 5 ఓట్లూ బైడెన్‌వే. అయిదుకి అయిదూ ఒకరికే పడితే రహస్య ఓటు ఎక్కడుంది బావా? ఎవరు ఎవరికి వేశారో ప్రపంచం మొత్తానికి తెలిసిపోయింది. తెల్లారితే ఒకరి ఇంటిముందు మంచు ఇంకొకరు తొయ్యాలి.

నువ్వు మే 13న ఎలక్షన్ డ్యూటీ చేసి, బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే ఆ ఫారం 17సి నింపి, జ్వరంతో ఇంటికొచ్చావు చూడు, నాకు అదే గుర్తొచ్చింది. బూత్‌లవారీగా లెక్క బయటపడ్డాక మన వీధిలో ఏం జరిగిందో నీకూ నాకూ తెలుసు. ఆ నీళ్ల పంపు గొడవ! ఆ ఒక్క మాట చాలు. అందుకే, లెక్క అయిపోయాక కూడా వాళ్లు ఆ గదిలోనే నిలబడి మాట్లాడుకుంటుంటే నేను కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. 2012లో కూడా ఒబామా, రామ్నీలకి 5-5 వచ్చింది, అప్పుడూ ఊరు ఊరులాగే ఉంది. ఏమో, నాకు కనిపించింది ఆ ఒక్క రాత్రే అనుకో, అయినా...

దారి సంగతి చెప్పాలి నీకు. గ్రోవ్‌టన్ మీదుగా వెళ్లాం. అక్కడి కాగితం మిల్లు 2007లో పోయింది, ఇదే జిల్లాలో బెర్లిన్ అనే ఊళ్లో కాగితం గుజ్జు మిల్లు 2006లో. ఈ జిల్లా 2008లో, 2012లో ఒబామాకి వేసింది. 2016 నుంచి ట్రంప్ వైపే. పీటీ సార్‌కి అది పార్టీల గొడవలా కనిపిస్తుంది. నాకలా అనిపించలేదు. మన కాగజ్‌నగర్ కాగితం మిల్లు 2014లో ఆగిపోయాక నాన్న టీకొట్టు దగ్గర మాట్లాడిన మాటలు విన్నవాణ్ని నేను. పని పోయిన ఊరు ఎవరు మాటిస్తే వాళ్లవైపు చూస్తుంది, అందులో వింతేముంది? మనకి 2018లో తిరిగి తెరుచుకుంది. వీళ్లకి అది కూడా లేదు. ఆ మాట తలుచుకుంటే దారిలో నా నోట మాట రాలేదు.

పైగా న్యూ హాంప్‌షైర్‌లో చివరికి హారిస్ గెలిచింది, అదే రోజు గవర్నర్‌గా రిపబ్లికన్ కెల్లీ అయాట్ గెలిచింది. అంటే ఒకే మనిషి రెండు వైపులా వేస్తున్నాడన్నమాట. దీని గురించి మా పక్కింటి పెద్దాయన ఒక సంగతి చెప్పాడు, అది రాద్దామనుకున్నా గానీ స్కూల్ బస్సు వచ్చేసింది, చిన్నది బూట్లు దొరకట్లేదని ఏడుస్తోంది. ఉంటా బావా, అక్కకి నమస్కారాలు చెప్పు.

నీ
బావమరిది