ఓవర్‌వోల్టేజ్ పెట్టెల మొదటి లాటును వెనక్కి తీసుకుంటున్నాం

ఆల్టర్నేటర్ వోల్టేజీ అదుపు తప్పి పెరిగితే పరికరాలు మాడిపోకుండా కాపాడే ఓవర్‌వోల్టేజ్ ప్రొటెక్షన్ పెట్టెను మా దగ్గర కొన్నవారికి, అడ్వాన్సు కట్టి రెండో లాటు కోసం ఎదురుచూస్తున్నవారికి నమస్కారం.

గత డిసెంబరులో మేము పంపిన మొదటి లాటులోని 11 పెట్టెలనూ వెనక్కి తీసుకుంటున్నాం. వాటి డిజైన్‌లో రెండు లోపాలు ఉన్నాయి. డిజైన్ నాది కాబట్టి రెండూ నా లోపాలే. పెట్టెను నల్లగొండలోని మా షాపుకు పంపితే రానుపోను కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. కొత్త పెట్టె వద్దనుకున్నవారికి పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం.

మాది డైనమోలు, సెల్ఫ్ మోటార్లు వైండింగ్ చేసే షాపు అని మీలో చాలామందికి తెలుసు. లారీలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్ల మధ్య 22 ఏళ్లు గడిచాక, ఒక ఏరోనాటికల్ కాలేజీ ల్యాబు వారు చిన్న విమానం ఆల్టర్నేటర్‌ను రిపేరుకు తీసుకురావడంతో ఈ పని మొదలైంది. అందులోనూ సూత్రం మాకు తెలిసినదే. మేము కటౌట్ అని పిలిచే రెగ్యులేటర్, రోటర్‌కు (లోపల తిరిగే భాగానికి) అయస్కాంత శక్తినిచ్చే ఫీల్డ్ కరెంటును పెంచుతూ తగ్గిస్తూ వోల్టేజీని 14.2 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. కటౌట్ లోపలి ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఆ అదుపు పోయి, ఫీల్డ్‌కు పూర్తి కరెంటు అందుతుంది. లారీకి ఇలా జరిగితే బల్బులు మాడిపోతాయి, బ్యాటరీ ఉడుకుతుంది, డ్రైవరు బండిని పక్కకు ఆపి మాకు ఫోన్ చేస్తాడు. గాలిలో ఉన్న పైలట్‌కు పక్కకు ఆపే చోటు లేదు, పైగా మాడిపోయేవి రేడియో, నావిగేషన్ పరికరాలు.

ఆ స్థితిని మా బెంచీ మీద కావాలనే తెచ్చి చూశాం. 3 హెచ్‌పీ మోటారుతో బెల్టు మీద ఆల్టర్నేటర్‌ను తిప్పుతూ కటౌట్‌ను ఒక వైరు ముక్కతో బైపాస్ చేశాం. మంచి బ్యాటరీ ఉన్నంతసేపు అది అదనపు కరెంటును మింగుతూ వోల్టేజీని కొంత పట్టి ఉంచింది. మీటరు 15 దాటి 16 వైపు నిదానంగా కదిలింది, కాసేపటికి బ్యాటరీ మూతల దగ్గర యాసిడ్ వాసన మొదలైంది. తరువాత బ్యాటరీ వైరు తీయగానే, లోడుగా పెట్టిన హెడ్‌లైటు బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలిగి పగిలిపోయింది. ఇంత విసురును ఒక పెద్ద జీనర్ డయోడుతో (నిర్ణీత వోల్టేజీ దాటగానే అదనపు కరెంటును తన గుండా పోనిచ్చే డయోడుతో) ఆపవచ్చు కదా అని కొందరు అడిగారు. 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ను 16 వోల్టుల దగ్గర అదిమిపెట్టాలంటే ఆ డయోడు 960 వాట్ల వేడిని భరించాలి, అంటే దాదాపు ఒక ఇస్త్రీ పెట్టెతో సమానం. అందుకే శక్తిని మింగే దారి వదిలి, ఆల్టర్నేటర్‌ను నిద్రపుచ్చే దారి పట్టాం. వోల్టేజీ 16.2 దాటగానే పెట్టెలోని థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఫీల్డ్ సప్లైని నేరుగా ఎర్తుకు కలుపుతుంది, ఆ లైనులోని 5 ఆంపియర్ల బ్రేకర్ ఎగిరిపోతుంది, ఫీల్డ్ లేక ఆల్టర్నేటర్ ఆగిపోతుంది. ఈ పద్ధతిని క్రోబార్ అంటారు.

మొదటి లోపం ఇక్కడే జరిగింది. వేగంగా పనిచేయడమే గొప్ప అనుకుని నేను ఆలస్యం పెట్టలేదు. ఒక కాలేజీ రిగ్‌పై (నేలమీద బిగించి నడిపే ఇంజను పరీక్షా ఏర్పాటుపై) ఫ్యూయల్ పంపు ఆపినప్పుడల్లా బ్రేకర్ ఎగిరిపోతోందని ఫిర్యాదు వచ్చింది. వెళ్లి వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోపు పెట్టి చూస్తే, పంపు రిలే కాయిల్‌కు పొంగును అణిచే డయోడు లేనందున, ఆపిన క్షణంలో 17 వోల్టులు దాటే ముల్లులాంటి గీత కనిపించింది. దాని నిడివి 5 మిల్లీసెకన్లు కూడా లేదు, కానీ థైరిస్టర్‌కు అది చాలు. ఒకసారి పట్టుకుంటే వదలదు. అంతకంటే నన్ను కలవరపెట్టినది మరొకటి. బ్రేకర్ ఎగిరే బాధ పడలేక ల్యాబులో ఎవరో ట్రిమ్మర్‌ను (పెట్టె ఏ వోల్టేజీ దగ్గర పనిచేయాలో సెట్ చేసే స్క్రూను) 19 వోల్టులకు తిప్పి పెట్టారు. వారిని నేను తప్పు పట్టను. ఊరికే ఎగిరే రక్షణను ఎవరైనా పక్కన పెట్టేస్తారు, అప్పుడు పెట్టె ఉండీ లేనట్టే.

ఎంత ఆలస్యం పెట్టవచ్చన్న దానికి విమాన పరికరాల పరీక్షకు వాడే డీఓ-160 ప్రమాణం నాకు ఆధారమైంది. అందులోని బి తరగతి ప్రకారం 28 వోల్టుల పరికరాలు 60 వోల్టుల పొంగును 100 మిల్లీసెకన్లు, 40 వోల్టులను ఒక సెకను తట్టుకోవాలి. 14 వోల్టుల వాటికి ఆ వోల్టులు సగం. కాబట్టి 50 మిల్లీసెకన్లు ఆగి చూసినా ఆ ప్రమాణానికి తగిన రేడియోకు హాని ఉండదు. కొత్త పెట్టెలో అంతే పెట్టాం.

రెండో లోపం ఎండ బయటపెట్టింది. డిసెంబరు ఉదయం 18 డిగ్రీల దగ్గర 16.2కు సెట్ చేసిన పెట్టెను మే నెలలో రేకుల షెడ్డు కింద 55 డిగ్రీల వరకు వేడెక్కనిస్తే, దాదాపు 16.6 వోల్టుల దగ్గర గాని కదలలేదు. నేను వాడిన 15 వోల్టుల జీనర్ ఒక్కో డిగ్రీకి 12 మిల్లీవోల్టుల వరకు పైకి జరుగుతుంది. చలిలో అదే కిందికి దిగుతుంది, పైగా కొన్ని కటౌట్లు చలిలో ఛార్జింగ్ వోల్టేజీని పెంచుతాయి కాబట్టి ఛార్జింగ్ వోల్టేజీకీ, పెట్టె కదిలే వోల్టేజీకీ మధ్య దూరం రెండు వైపుల నుంచీ తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 2 డిగ్రీలు చల్లబడే గాలిలో ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు జీనర్ స్థానంలో వేడికి పెద్దగా మారని స్థిర వోల్టేజీనిచ్చే టీఎల్431 రిఫరెన్స్ ఐసీ వాడుతున్నాం. అదే పరీక్షలో తేడా 0.05 వోల్టులు దాటలేదు. ట్రిమ్మర్‌ను కూడా తీసేసి స్థిరమైన రెసిస్టర్లు పెట్టాం.

రోటాక్స్ 912 (చిన్న విమానాల ఇంజను) ఉన్నవారు దయచేసి ఈ పెట్టెను ఆర్డర్ చేయవద్దు. దానిది శాశ్వత అయస్కాంతపు జనరేటర్, కోయడానికి ఫీల్డ్ లైనే ఉండదు. వైండింగ్ నుంచి వచ్చే లైనును రిలేతో తెంచే వేరే డిజైన్ కావాలి, అది మా దగ్గర ఇంకా లేదు. అలాగే మా పెట్టెకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేదు. ఇది ల్యాబు బెంచీలకు, నేలమీద నడిపే రిగ్‌లకు మాత్రమే. ఎగిరే విమానంలో బిగిస్తామని చెప్పిన ఇద్దరికి నేను ఇప్పటికే అడ్వాన్సు తిరిగి ఇచ్చాను.

రెండో లాటు ఆగస్టుకు ముందు రాదు. లిథియం బ్యాటరీతో పరీక్ష మిగిలి ఉంది. వోల్టేజీ పెరగగానే అందులోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) బ్యాటరీనే లైను నుంచి విడదీస్తుంది. హెడ్‌లైటు బల్బు పగిలిన స్థితి అదే, అప్పుడు 50 మిల్లీసెకన్లు కూడా ఎక్కువ కావచ్చు. అందుకోసం 20 వోల్టులు దాటితే ఆగకుండా పనిచేసే రెండో మెట్టు కలుపుతున్నాం. అది తేలే వరకు లిథియం బ్యాటరీ వాడేవారికి పెట్టె పంపము.

పాత పెట్టె పంపేటప్పుడు మీ ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో, బ్యాటరీ ఏ రకమో, బ్రేకర్ ఎన్నిసార్లు ఎగిరిందో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. ట్రిమ్మర్‌ను తిప్పి ఉంటే తిరిగి సరిచేయకుండా అలాగే పంపండి. ఎక్కడ పెట్టుకోవలసి వచ్చిందో చూస్తే మీ రిగ్‌లో ఎంత పొంగు వస్తోందో నాకు తెలుస్తుంది.